దయచేసి అడ్డం నిలబడండి

ఆ ల్యాబులోకి కొత్తగా అడుగుపెట్టిన వాళ్ళెవరికైనా మొదట వచ్చే అనుమానం ఒకటే: ఇక్కడ పనిచేసేవాళ్ళందరికీ మూకుమ్మడిగా నడుం పట్టేసిందా? ఒక్కడంటే ఒక్కడు నిటారుగా నడవడు. టీ కప్పు పట్టుకున్నవాడు వంగి నడుస్తాడు, స్క్రూడ్రైవర్ పట్టుకున్నవాడు వంగి నడుస్తాడు, ఏమీ పట్టుకోనివాడు మరీ వంగి నడుస్తాడు. ఒకసారి పై ఆఫీసు నుంచి వచ్చిన అధికారి ఇదంతా తనమీద గౌరవమే అనుకుని, "అబ్బే, అంత మర్యాద ఎందుకండీ" అంటూ తనూ వంగాడు. అందరూ కాసేపు నేలకేసి చూస్తూ మాట్లాడుకున్నారు.

గౌరవం లేదు, మర్యాదా లేదు. గోడమీదున్న పలకకి అడ్డం రాకూడదు, అంతే.

ఆ పలక రాబోయే తరం మొబైల్ నెట్‌వర్క్ కోసం తయారవుతున్న యాంటెన్నా. చూడ్డానికి పిల్లల పలకంతే ఉంటుంది గానీ, దానిమీద బియ్యపుగింజలంతేసి బుల్లి యాంటెన్నాలు వరసలు తీరి ఉంటాయి. ఇప్పుడు మన జేబుల్లో ఉన్న ఫోన్లకొచ్చే సిగ్నల్ దీపం వెలుగులా గదంతా పరుచుకుంటుంది. ఈ పలక పంపేది అలా కాదు, టార్చిలైటు వేసినట్టు సన్నటి ధార. ఆ ధారలో మూడుగంటల సినిమా కన్నుమూసి తెరిచేలోగా వచ్చి ఒళ్ళో పడుతుంది. కానీ మహా సుకుమారం. మధ్యలోకి మనిషి వస్తే చాలు, అలుగుతుంది. అరచెయ్యి అడ్డం పెట్టినా అలుగుతుంది. అప్పుడు పలక చెయ్యాల్సిన పనేమిటంటే, ధారని పక్కకి తిప్పి, కిటికీ అద్దానికో ఇనుప బీరువాకో తగిలించి, ఆ చుట్టుదారిన ఫోనుకి చేర్చాలి. మాట తెగేలోపు ఇదంతా జరిగిపోవాలి. అడ్డదారి తొక్కిన వాళ్ళని లోకం తిడుతుంది. ఈ ల్యాబులో మాత్రం అడ్డదారి తొక్కడం నేర్పినందుకే నెలనెలా జీతాలిచ్చేవాళ్ళు.

ఆ నేర్పే బృందానికి పెద్ద మన ఇంజనీరమ్మ. ల్యాబులో అందరికీ 'అక్క'. ఈ పని మొదట వచ్చినప్పుడు మిగతా సెక్షన్లవాళ్ళు "ఇది మన తరం కాదండీ" అని చేతులెత్తేస్తే, "మన తరం కాదు, రాబోయే తరం. అందుకే తీసుకుంటున్నా" అని చేయి చాపి తీసుకున్న మనిషి. ఆవిడకి కుడివైపు ప్రోగ్రాములు రాసే 'బుర్ర'. ఆయన తలమీద ఒక్క వెంట్రుక లేదు, తల లోపల కాస్త ఖాళీ లేదు. ఎడమవైపు పలకలు బిగించే 'పొడుగాయన'. పొడుగాయన ల్యాబులో చేరిన రోజున గుమ్మం తగిలి నుదురు బొప్పి కట్టింది. ఇప్పుడు అదే గుమ్మంలోంచి టోపీ పెట్టుకుని కూడా దర్జాగా వచ్చిపోతున్నాడు. ఆయన వంపు అలాంటిది.

ఈ వంగుడుకి కారణం ఉంది. తొలిరోజుల్లో ధార మరీ బక్కప్రాణం. ఎవరైనా దారిన పోతే ఆ పూట తీసిన కొలతలన్నీ బూడిదలో పోసినట్టే. అందుకని పరీక్ష మొదలుపెట్టేవాళ్ళు "వంగండి!" అని అరిచేవాళ్ళు, మిగతావాళ్ళు వంగేవాళ్ళు. ధార బలపడింది, అరవడం మానేశారు, వంగడం మాత్రం ఒంటికి పట్టేసింది. నడుం వంచి పనిచెయ్యమని ఏ పై అధికారైనా అంటాడు. దాన్ని అక్షరాలా పాటించిన ఆఫీసు ఇదొక్కటే.

పలకకి పోటీ లేకపోలేదు. కింది అంతస్తులో ఇంకో బృందం ఉంది. దాని పెద్దని అందరూ డబ్బాలాయన అంటారు. ధారని తిప్పడం, అద్దానికి తగిలించడం, ఈ గొడవంతా ఎందుకు, పైకప్పుకి నాలుగడుగులకో సిగ్నల్ డబ్బా బిగించేస్తే ఏదో ఒకటి పనిచేస్తుందిగా అని ఆయన వాదన. ఆయన డబ్బాలు కూడా కొట్టుకునేవాడు, డబ్బా కూడా కొట్టుకునేవాడు.

రెండింట్లో ఏది ఉంచాలో తేల్చడానికి డైరెక్టరుగారు పెద్దహాల్లో పరీక్ష పెట్టారు. ముందు పలకని హాలు గోడకి బిగించి చూద్దాం, అది నిలబడకపోతేనే డబ్బాలు అన్నారు. అన్ని సెక్షన్లవాళ్ళనీ పిలిపించి, "సంతలో తిరిగినట్టు తిరగండి" అన్నారు. పొడుగాయన ఫోనూ పెద్దతెరా పెట్టిన బండిని తోస్తున్నాడు. పక్క భవనంలోంచి బుర్ర వీడియో కాల్లో ఉన్నాడు. "హలో, వినపడుతోందా అక్కా? నువ్వు చక్కగా కనపడుతున్నావు, నీ వెనకాల ఎవరో ఆవలిస్తు..."

అకౌంట్స్ సెక్షన్ నుంచి ఒకాయన చేతులు వెనక్కి కట్టుకుని తాపీగా పలక ముందు నుంచి నడిచాడు. తెరమీద బుర్ర ఒక కన్ను మూసి, నోరు తెరిచి, తుమ్మబోతూ తుమ్మనివాడిలా గడ్డకట్టుకుపోయాడు.

పలక పలకలేదు.

"తుమ్ము వచ్చేదాకా కూర్చుందామా, భోజనం చేసొద్దామా?" అన్నాడు డబ్బాలాయన. హాలంతా నవ్వింది. ఇంజనీరమ్మ చెవులు ఎర్రబడ్డాయి.

డైరెక్టరుగారు మాత్రం నవ్వలేదు. ఆవిణ్ణి పక్కకి పిలిచి, "వచ్చే వారం ఇంకొక్కసారి చూస్తానమ్మా. అప్పుడు కూడా ఇలాగే గుటకలు మింగితే పలక దింపించేస్తాను. మీవాళ్ళని తలో సెక్షనుకీ పంపించేస్తాను. నా నెత్తిన కూడా జనం ఉన్నారు, ఏం చెయ్యను" అన్నారు. ఆయన మాటల్లో కోపం లేదు. అందుకే ఆవిడకి ఎక్కువ భయం వేసింది.

ఆ రోజునుంచి ల్యాబులో నవ్వు లేదు. బుర్ర ప్రోగ్రాము మొత్తం విప్పి, దులిపి, మళ్ళీ మడతపెట్టాడు. ఎక్కడా చిల్లు లేదు.

"ఇది చూడు అక్కా. పరీక్షలో జరిగిందంతా ఇక్కడుంది. అకౌంట్స్ ఆయన వస్తున్నాడని పక్కనున్న కెమెరా వల్ల పలకకి ముందే తెలుసు. కిటికీ అద్దం మీదుగా చుట్టుదారి ఉందనీ తెలుసు. ధార తిప్పడానికి తీరికా ఉంది."

"మరి తిప్పలేదేం?"

"ఆగింది."

"ఆగిందా? దేనికోసం?"

"అదే తెలీదు. ఏదో రావాల్సింది వస్తుందన్నట్టు ఆగింది. బస్టాపులో నిలబడ్డ మనిషిలా."

"పలకకి ఓర్పెక్కువైనట్టుంది" అన్నాడు పొడుగాయన బల్లకిందనుంచి. పరీక్షేమీ జరగకపోయినా ఆయన అక్కడే సౌకర్యంగా ఉన్నాడు.

ఆ సాయంత్రం ఇంజనీరమ్మ ఇంటికెళ్ళి, కాఫీ కలుపుకుని హాల్లోకొచ్చింది. మావగారు కుర్చీలో కూర్చుని ఆట చూస్తున్నారు. టీవీకి సరిగ్గా ఎదురుగా అత్తగారు నడుం మీద చేతులేసుకుని నిలబడి, పక్కింటావిడ తనని చూసి కూడా చూడనట్టు ఎలా వెళ్ళిపోయిందో వివరంగా చెబుతున్నారు. అత్తగారిది నిండైన విగ్రహం, నిండైన గొంతు. ఆవిడ టీవీ ముందు నిలబడితే అది టీవీ అని కొత్తవాళ్ళకి తెలీదు.

మావగారు హఠాత్తుగా తొడమీద చరుచుకుని "కొట్టాడ్రా!" అన్నారు.

"ఏం కొట్టాడు, ఎవరు కొట్టాడు? నేనిక్కడ మాట్లాడుతుంటే!" అన్నారు అత్తగారు.

ఇంజనీరమ్మకి అర్థం కాలేదు. "మావయ్యా, టీవీ అటుంటే మీరు ఇటు చూస్తున్నారేం?"

"అటు టీవీ ముందు మీ అత్తయ్య ఉంది కదమ్మా. అద్దాల బీరువాలో చూస్తున్నా. అందరూ ఎడంచేతివాటం వాళ్ళలా కనిపిస్తారు, అదొక్కటే తేడా. ఆట మాత్రం ఒక్క బంతి పోదు."

"ఆవిడ జరిగేదాకా ఒక్క క్షణం ఆగొచ్చుగా?"

"పెళ్ళైన కొత్తలో ఆగేవాణ్ణి" అన్నారు మావగారు, కన్ను బీరువా మీదనుంచి తియ్యకుండా. "జరుగుతుంది, జరుగుతుంది అనుకునేవాణ్ణి. ఆటలు జరిగిపోయాయి గానీ మీ అత్తయ్య జరగలేదు. అప్పట్నుంచి ఆగడం మానేశాను."

"వినపడుతోంది" అన్నారు అత్తగారు.

"వినపడాలనే అన్నాను."

నేలమీద బొమ్మలేసుకుంటున్న కూతురు తలెత్తి, "అమ్మా, నువ్వేంటి అలా నడిచావు? అంతా వంగి, దొంగలాగా?" అంది.

అప్పుడు చూసుకుంది ఇంజనీరమ్మ. టీవీకీ మావగారికీ మధ్యలోంచి తను నడుం సగానికి మడిచి దాటి వచ్చింది. అత్తగారే గోడలా నిలబడి ఉండగా, తను వంగితే ఎంత, వంగకపోతే ఎంత! ఎవరూ అడగలేదు. ఒళ్ళే వంగింది.

కప్పు చేతిలో ఉండగానే ఆవిడ ఆలోచన పలక మీదికి వెళ్ళింది.

పలక వెనకున్న ప్రోగ్రాముకి ఎవరూ సూత్రాలు రాసివ్వలేదు. ల్యాబులో పొద్దస్తమానం మనుషులు తిరుగుతుంటే చూసి, దానంతటదే నేర్చుకుంటుంది. అది ఇన్నాళ్ళూ ఏ మనుషుల్ని చూసింది? మనిషి ధారకి అడ్డం వస్తాడు, రెప్పపాటులో కిందకి మాయమైపోతాడు. మళ్ళీ ఇంకొకడు వస్తాడు, వాడూ మాయమైపోతాడు. అలాంటి మనుషులున్న లోకంలో చుట్టుదారి వెతకడం ఎందుకు? ఒక్క క్షణం ఆగితే వాళ్ళే తప్పుకుంటారు. పలక తెలివితక్కువది కాదు. బుద్ధిగా పాఠం నేర్చుకుంది. పాఠమే పాడు పాఠం.

మావగారికి అత్తగారు ఆగకూడదని నేర్పారు. పలకకి వీళ్ళంతా కలిసి ఆగమని నేర్పారు.

"అత్తయ్యా!" అంది ఇంజనీరమ్మ, కప్పు బల్లమీద పెట్టేసి. "మీరు దేవతండీ."

అత్తగారు కోడలికేసి అనుమానంగా చూశారు. "ఏం కావాలే నీకు?"

మర్నాడు పొద్దున్నే ల్యాబులో కెమెరా తీసిన పాత దృశ్యాలు తెరమీద వేశారు. ఒక్కొక్కరే వస్తున్నారు, ఒక్కొక్కరే మునుగుతున్నారు. చెరువులో బాతుల్లా. పుట్టినరోజు కేకు పట్టుకుని ఒకావిడ, ఆవిడ వెనకాల చప్పట్లు కొడుతూ నలుగురు, అందరూ బల్ల ఎత్తుకి దిగి నడిచారు. చివర పొడుగాయన దాదాపు పాకుతూ వెళ్ళాడు.

బుర్ర తలమీద చెయ్యి వేసుకున్నాడు. "అడ్డంగా దొరికిపోయాం అక్కా."

"అడ్డం రాకుండా దొరికిపోయాం" అంది ఇంజనీరమ్మ.

"సరే, ఏముంది? ఇవ్వాళ్టినుంచి నిటారుగా తిరుగుదాం. నేర్చుకున్నది మరిచిపోయి కొత్తగా నేర్చుకుంటుంది."

మాట అన్నంత తేలిక కాలేదు. బుర్ర ఛాతీ విరుచుకుని బయల్దేరాడు. పలక ఎదురుగా రాగానే గాలి తీసిన బుడగలా కుంగాడు. మళ్ళీ వెళ్ళాడు, మళ్ళీ కుంగాడు. ఇంజనీరమ్మ పళ్ళు బిగించి నడిచింది. తల నిలబడింది, భుజాలు వంగాయి. పొడుగాయన పంతం పట్టి, వెన్నుకి నిలువునా ప్లాస్టిక్ పైపు ఒకటి కట్టించుకున్నాడు. నడుం వంగలేదు, నిజమే. మోకాళ్ళు వంగాయి. ఆయన అలా కూర్చున్నట్టే నడుచుకుంటూ పోతుంటే అన్నిరోజుల తర్వాత ల్యాబు పడీపడీ నవ్వింది.

"మనవల్ల కాదు" అంది ఇంజనీరమ్మ కళ్ళు తుడుచుకుంటూ. "మనకి వంగడం రాని మనుషులు కావాలి. జన్మలో ఎవరికీ తప్పుకోని మనుషులు."

"ఎక్కడ దొరుకుతారు?"

"మా ఇంట్లో ఉన్నారు."

సెలవురోజున గేటు దగ్గర సెక్యూరిటీవాళ్ళ పుస్తకంలో 'వచ్చిన పని' అన్నచోట ఇంజనీరమ్మ 'అడ్డం నిలబడటానికి' అని రాసింది. సెక్యూరిటీ ఆయన అది చదివి, వెనకాల వస్తున్న జనాన్ని చూసి, నోరుమూసుకుని గేటు తీశాడు. అత్తగారు, మావగారు, మొగుడు, ఆడపడుచు, కూతురు. బుర్ర తరఫున ఆయన ముగ్గురు అక్కలు. పొడుగాయన తరఫున ఆయన భార్య, తోడల్లుడి కుటుంబం. అందరూ పెద్దహాల్లోకి వచ్చి పడ్డారు.

"నన్నేం చెయ్యమంటావే అమ్మాయ్?" అన్నారు అత్తగారు, కొంగు సర్దుకుంటూ.

"ఏం చెయ్యొద్దు అత్తయ్యా. మీకెక్కడ తోస్తే అక్కడ తిరగండి. వీలైనంతసేపు అడ్డం నిలబడండి, చాలు."

"బాగుంది వరస! నేనెప్పుడైనా, ఎవరికైనా అడ్డం నిలబడ్డానా?"

మావగారికి పొలమారింది. మొగుడు ఆయన వీపు తట్టాడు.

మొదటి గంట పలకకి నరకం. అత్తగారు అడ్డం వచ్చారు, కాల్ తెగింది. తప్పుకుంటారని పలక ఆగింది. ఆవిడ తప్పుకోలేదు. అక్కడే నిలబడి, ఈ హాలుకి ఈ రంగేమిటి, వెలిసిపోయిన లంగాలా ఉంది అన్నారు. మళ్ళీ కలిసింది, బుర్ర అక్కలు ముగ్గురూ అడ్డంగా వరసకట్టి కబుర్లు మొదలుపెట్టారు, మళ్ళీ తెగింది. బుర్ర తన తెరమీద చూస్తూ ఒక్కొక్క సంగతే చెబుతున్నాడు. "ఇంకా ఆగుతోంది అక్కా... ఆగుతోంది... కొంచెం తక్కువ ఆగింది." మధ్యాహ్నానికి తెగడం పోయి తడబాటు మిగిలింది. కాసేపటికి తడబాటు కూడా సన్నబడింది. పలక ఒకసారి కిటికీ అద్దం పట్టుకుంటోంది, ఒకసారి ఇనుప తలుపు, ఒకసారి పైకప్పుకి ఉన్న ట్యూబులైటు రేకు.

సాయంకాలానికి ఆడపడుచుని పక్కభవనంలో కూర్చోబెట్టి అత్తగారితో వీడియో కాల్ కలిపారు. తల్లీకూతుళ్ళు మామూలుగానే మొదలుపెట్టి, మామూలుగానే పోట్లాటలోకి దిగారు. అత్తగారు బండి తోసుకుంటూ హాలంతా కలయదిరిగారు. చుట్టూ జనం. మాట తెగలేదు. గొడవా తెగలేదు.

"ఇన్నేళ్ళలో మొట్టమొదటిసారి," అన్నారు మావగారు గంభీరంగా, "మీ అత్తయ్య చెప్పింది అవతలివాళ్ళకి పూర్తిగా చేరింది."

పరీక్షరోజు వచ్చింది. హాలు కిటకిటలాడుతోంది. ఇంజనీరమ్మ పలక పక్కన నిలబడింది. పలక ఇక్కడే, ఈ హాల్లోనే నేర్చుకుంది, కానీ ఈ జనాన్ని ఎప్పుడూ చూడలేదు. తెలిసిన మొహాలనే నేర్చుకుందా, మనుషుల్ని నేర్చుకుందా? అది ఇంకాసేపట్లో అందరికీ ఒకేసారి తెలుస్తుంది.

పక్కభవనంలోంచి బుర్ర కాల్లోకి వచ్చాడు. "ఏం మాట్లాడను?" అన్నాడు.

"మధ్యలో ఒక్క ముక్క పోయినా పట్టుబడేది ఏదైనా చెప్పు" అన్నారు డైరెక్టరుగారు.

"అయితే పంతొమ్మిదో ఎక్కం చెబుతాను సార్."

ఎక్కం ఎక్కింది. పొడుగాయన బండి తోస్తున్నాడు. జనం అడ్డంపడి తిరుగుతున్నారు. పంతొమ్మిది ఒకట్లు, పంతొమ్మిది రెళ్ళు, స్పష్టంగా, గంట కొట్టినట్టు. అకౌంట్స్ ఆయన చేతులు వెనక్కి కట్టుకుని వచ్చాడు, పోయాడు. బుర్ర కనురెప్ప కూడా తడబడలేదు.

డబ్బాలాయన ఊరుకుంటాడా? తన మనుషులకి కన్నుకొట్టాడు. వాళ్ళంతా భుజం భుజం రాసుకుంటూ పలకకీ బండికీ మధ్య కోటగోడలా నిలబడ్డారు. కొందరు చేతులు కూడా పైకెత్తారు.

"పంతొమ్మిది ఆర్లు నూటపద్నాలుగు" అంది తెర. పలక వాళ్ళ నెత్తిమీదుగా ట్యూబులైటు రేకుని పట్టుకుంది.

"పంతొమ్మిది ఏళ్ళు నూటముప్ఫైమూడు."

"పంతొమ్మిది ఎనిమిదులు..."

తెర మౌనం వహించింది. డబ్బాలాయన మొహం మీద దీపం వెలిగింది.

"తెగింది! తెగిపోయింది!"

"తెగలేదండీ" అన్నాడు తెరమీది బుర్ర, గుండు గోక్కుంటూ. "ఇక్కడే ఉన్నాను. నాకు ఎనిమిదో మెట్టు ఎప్పుడూ జారుతుంది. నెట్‌వర్క్‌ది తప్పు కాదు, మా మాస్టారిది."

హాలు బద్దలైంది. డైరెక్టరుగారు కళ్ళజోడు తీసి మరీ నవ్వారు. తర్వాత లేచి, పలక ముందుకొచ్చి, దాని మొహంలో మొహం పెట్టి, రెండు చేతులూ చాపి నిలబడ్డారు. ఆయనదీ తక్కువ విగ్రహమేం కాదు.

"నూటయాభైరెండు" అంది ఆయన వెనకనుంచి తెర. "గుర్తొచ్చింది సార్!"

డైరెక్టరుగారు నేరుగా వెళ్ళి పొడుగాయన చేతిలోంచి బండి లాక్కున్నారు. హాలు తలుపు కాలితో తన్ని వరండాలోకి తోశారు. జనమంతా వెనకాల పడ్డారు. "సార్, అక్కడిదాకా ఎప్పుడూ చూడలేదు సార్!" అంటూ ఇంజనీరమ్మ పరిగెత్తింది. వరండాలో ఎక్కం సాగింది. అద్దాల తలుపులు దాటింది. మెట్లపక్క వాలుమీద బండి గడగడలాడుతూ దిగుతుంటే జనం ఎక్కం అందుకుని గొంతు కలిపారు. డబ్బాలాయన మనుషులు అందరికన్నా గట్టిగా అరుస్తున్నారు. ఆయన కూడా పెదవులు కదుపుతున్నాడు, ఎవరూ చూడటం లేదనుకుని. ఎక్కం ఒకటి అయిపోయి ఇంకోటి మొదలైంది. ముంగిలి దాటారు, మొక్కలు దాటారు, ఆగి ఉన్న లారీ దాటారు. గేటు దగ్గర, రోడ్డుకి రెండడుగుల ఇవతల, అప్పుడు ఎక్కం ఆగింది. తెరమీద బుర్ర నోరు తెరిచి గడ్డకట్టుకుపోయాడు.

రొప్పుతూ అందరూ నిలబడ్డారు. అవతల రోడ్డుమీద బస్సులు, స్కూటర్లు, గొడుగులు పట్టుకున్న జనం, ఎవరి తొందర వాళ్ళది, ఎవరికీ ఎవరూ తప్పుకోవడం లేదు.

డైరెక్టరుగారు చెమట తుడుచుకుని, గేటు స్తంభాన్ని పైనుంచి కిందికి చూశారు.

"ఇక్కడ ఇంకో పలక పెట్టాలి. ఇక్కణ్ణుంచి ఆ మలుపు దాకా. ఎవరు పెడతారు?"

"మేమే పెడతాం సార్" అంది ఇంజనీరమ్మ. ఆవిడ గొంతు బస్సు హారన్‌ని మించిపోయింది. అప్పటికే పొడుగాయన స్తంభం ఎక్కుతున్నాడు.